‘మా పిల్లలు వస్తే మీకు ఇబ్బందా?’ రెస్టారెంట్లలో పెద్దల సెక్షన్: అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒకావిడ మూడేళ్ల పాపను చంకనేసుకుని వచ్చారు. వెనకాల భర్త, అత్తగారు. బార్ కౌంటర్ ఎదురుగా సోఫా టేబుల్ ఖాళీగా ఉంది, అక్కడ కూర్చుంటామన్నారు. అది పెద్దల సెక్షన్ అమ్మా, పిల్లలతో వచ్చినవాళ్లకు గోడవైపు ఇస్తున్నాం అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. “మా పాప అస్సలు ఏడవదండీ. పిల్లలున్నవాళ్లు బయటికొచ్చి తినకూడదా?” అన్నారు. ఆ మాట అంటుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

హైదరాబాద్ రెస్టారెంట్లలో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వడ్డించే స్టీవార్డ్‌గా చేరి, స్టీవార్డులను చూసుకునే కెప్టెన్ అయి, ఇప్పుడు ఫ్లోర్, అంటే హాలంతా, చూసుకుంటున్నాను. ఈ కన్నీళ్లు నాకు కొత్త కాదు. పసిపిల్లల తల్లి నెలకొకసారి బయట భోంచేయడానికి ఎంత కష్టపడుతుందో మాకు తెలుసు. తయారవ్వాలి, బ్యాగ్ సర్దాలి, డైపర్లు, పాలసీసా, మధ్యలో పాప నిద్ర టైము. అంతా చేసుకుని వస్తే ఎవడో యూనిఫాం వేసుకున్నవాడు ‘ఇక్కడ కాదు, అక్కడ’ అంటే మనసు నొచ్చుకోదా? నొచ్చుకుంటుంది. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: పిల్లల గోల భరించలేనివాళ్ల కోసమే పెద్దల సెక్షన్ పెట్టారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. గోల గురించి అయితే నేను ముందు ఆఫీసు పార్టీలకు వేరే సెక్షన్ పెట్టేవాణ్ని. పదిమంది పెద్దవాళ్లు కేక్ కోసేటప్పుడు చేసే గోలలో పదోవంతు కూడా పసిపిల్లలు చేయరు.

మా హాల్లో పెద్దల సెక్షన్ ఎక్కడుందో చూడండి. ఒకవైపు కిచెన్ తలుపు, ఇంకోవైపు బార్ కౌంటర్. ఆ రెండింటి మధ్య ఉన్న టేబుళ్లే అవి. ఆదివారం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఆ దారిలో స్టీవార్డులు ఆగకుండా తిరుగుతూనే ఉంటారు. కిచెన్ తలుపు రెండువైపులా తెరుచుకుంటుంది. ట్రే భుజం ఎత్తులో ఉంటుంది. ఆ ట్రే కింద మూడడుగుల మనిషి ఉంటే, మోస్తున్నవాడికి కనపడడు. ఎంత అనుభవం ఉన్నవాడికైనా కనపడడు.

ఇక ఆ ట్రే మీద ఏముంటుందో చెబుతాను. సిజ్లర్ అంటే పొయ్యి మీద కాల్చిన ఇనప పళ్లెం. దాన్ని చెక్క మీద పెట్టి, చిటపటలాడుతుండగానే పరుగున తెస్తాం. సూప్ మరుగుతున్న గిన్నెలోంచి కప్పులోకి వంచిన రెండు నిమిషాల్లో టేబుల్ మీద ఉంటుంది. చల్లారితే కస్టమర్ వెనక్కి పంపిస్తాడు కాబట్టి వేడిగానే తెస్తాం. 60 డిగ్రీల నీళ్లు ఐదు సెకన్లు తగిలితే చాలు, పెద్దవాళ్ల చర్మం లోపలి పొరల దాకా కాలిపోతుంది. 70 డిగ్రీలైతే ఒక్క సెకను. పిల్లల చర్మం పలచన, అంత సేపు కూడా పట్టదు. మేం తెచ్చే సూప్, టీ, రసం అంతకంటే వేడిగానే ఉంటాయి.

పదకొండేళ్ల కిందట నేను ఇంకోచోట కెప్టెన్‌గా ఉన్నాను. ఆదివారమే. బయట వెయిటింగ్‌లో నలభైమంది. ఓ నాలుగేళ్ల బాబు, వాళ్ల మేనమామ కొడుకు స్తంభం చుట్టూ దొంగా పోలీస్ ఆడుతున్నారు. ఇద్దరూ నవ్వుతున్నారు, చుట్టుపక్కల టేబుళ్లవాళ్లు కూడా చూసి ముచ్చటపడుతున్నారు. ఎవరూ వద్దనలేదు, నేనూ అనలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు నాలుగు మంచావ్ సూపులు పట్టుకుని తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. బాబు స్తంభం వెనక నుంచి నేరుగా అతని మోకాళ్లకు తగిలాడు.

మెడ మీద, ఎడమచేతి మీద పడింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఎవరో ఐసు తెచ్చారు. నాయనమ్మ టూత్‌పేస్ట్ ఉందా నాయనా అని అడుగుతోంది. తండ్రి స్టీవార్డ్ కాలర్ పట్టుకున్నాడు. నేను బాబును ఎత్తుకుని హ్యాండ్‌వాష్ దగ్గరికి పరిగెత్తి కుళాయి కింద పెట్టాను. రెండు నిమిషాలు పెట్టి ఉంటానేమో. ఈలోగా వాళ్లు కారు తెచ్చారు, ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. ఆ నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచాలని అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే ఆపేవాణ్ని. చేతికి చర్మం అతికించాల్సి వచ్చిందని తర్వాత ఫోన్‌లో చెప్పారు.

ఆ స్టీవార్డ్ నెల జీతంలో కోత పెట్టారు. వాడు తల దించుకుని ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. తప్పు వాడిది కాదు. ఆడుకున్న పిల్లాడిదీ కాదు. వేడివేడి ట్రేలు తిరిగే దారి పక్కన పసిపిల్లాడున్న కుటుంబాన్ని కూర్చోబెట్టింది మేము. ఆ టేబుల్ నంబర్ రాసింది నా చెయ్యే.

అందుకే ఇప్పుడు నా ఫ్లోర్‌లో ఆ దారి పక్కన పన్నెండేళ్లలోపు పిల్లలకు చోటు లేదు. ఎంత బతిమాలినా, ఎంత పెద్ద మనిషితో ఫోన్ చేయించినా ఇవ్వను. మీ పాప ఏడుస్తుందా లేదా అన్నది నేను అడగను, ఆ విషయంతో నాకు పనే లేదు. బుద్ధిగా కూర్చునే పాప కూడా కిందపడ్డ చెంచా కోసం ఒక్కసారి కుర్చీ దిగుతుంది.

మీరు వెళ్లే రెస్టారెంట్లో ఇలాంటి సెక్షన్ లేకపోతే మీరే అడిగి తీసుకోండి. కిచెన్ తలుపుకి దూరంగా ఇవ్వమనండి. నడిచే దారివైపు పెద్దవాళ్లు కూర్చోండి, పిల్లలు గోడవైపు. హై చైర్‌కి బెల్టు ఉంటే పెట్టండి. పిల్లల తల మీదుగా వడ్డించొద్దని స్టీవార్డ్‌కి చెప్పండి, వాడేమీ అనుకోడు. సిజ్లర్, సూప్ టేబుల్‌కి అవతలి చివర పెట్టించుకోండి. ఒళ్లో పసిబిడ్డ ఉండగా టీ తాగకండి.

ఒకవేళ కాలితే, ఐసు వద్దు. టూత్‌పేస్ట్, పసుపు, సిరా, నూనె, కోడిగుడ్డు సొన ఏదీ వద్దు. మామూలు చల్లటి కుళాయి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు. తడిసిన బట్ట వెంటనే తీసేయండి, చర్మానికి అంటుకుపోతే మాత్రం లాగకండి. కాలినచోట నీళ్లు పోస్తూ మిగతా ఒంటికి తువ్వాలు చుట్టి వెచ్చగా ఉంచండి. తర్వాత శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి. 108కి ఫోన్ చేసేవాళ్లు చేస్తుంటారు, మీరు మాత్రం కుళాయి దగ్గర నుంచి కదలకండి. మా స్టాఫ్ అందరికీ చేరిన మొదటి రోజే ఇది నేర్పిస్తున్నాను.

అపోహ: ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అని బోర్డు ఉంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా ఒకటే.

కాదు. మన ఊళ్లలో ‘ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ బార్’ అనే బోర్డులు ఎన్ని చూడలేదు? ఆ బోర్డు మీ పిల్లాడి భద్రతకు హామీ కాదు. నేను పనిలో చేరిన కొత్తలో బార్ అండ్ రెస్టారెంట్లలో పైఅంతస్తులో ఏసీ ఫ్యామిలీ సెక్షన్ ఉండేది. ఇంకా పాతవాటిలో అయితే పరదాలు కట్టిన క్యాబిన్లు. తాగేవాళ్ల మధ్య ఆడవాళ్లు, పిల్లలు కూర్చోవడం ఇష్టంలేక అలా విడదీశారు. అప్పుడు ‘మమ్మల్ని వేరే కూర్చోబెట్టారు’ అని ఎవరూ బాధపడలేదు, పైగా ఫ్యామిలీ సెక్షన్ ఉందా అని అడిగి మరీ వచ్చేవారు. పెద్దల సెక్షన్ కూడా అదే ఏర్పాటు. పేరు మారేసరికి అవమానంలా వినిపిస్తోంది.

అపోహ: పిల్లల్ని ఒక సెక్షన్‌లోకి రానివ్వకపోవడం వివక్ష, కేసు వేయొచ్చు.

నెలకొకరైనా ఈ మాట అంటారు. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లు, రెస్టారెంట్ల ప్రస్తావన నిజంగానే ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆపకూడదు. ఆ జాబితాలో వయసు లేదు. ఇండిగో విమానాల్లో 2016 నుంచే కొన్ని వరసల్లో పన్నెండేళ్లలోపు పిల్లలకు సీట్లు ఇవ్వని ‘క్వయిట్ జోన్’ పెట్టారు.

అయితే రెస్టారెంట్ మొత్తంలోకి పిల్లలు రాకూడదనే బోర్డును నేను సమర్థించను. దక్షిణ కొరియాలో అలాంటి ‘నో కిడ్స్ జోన్’ హోటళ్లు చాలా వచ్చాయి. జెజు ద్వీపంలో ఒక రెస్టారెంట్ పదమూడేళ్లలోపు పిల్లల్ని రానివ్వకపోవడం వివక్షేనని అక్కడి మానవ హక్కుల కమిషన్ 2017లో చెప్పింది. ప్రమాదం ఉన్న నాలుగు టేబుళ్లకు దూరంగా కూర్చోమనడం వేరు, గుమ్మం దగ్గరే ఆపేయడం వేరు. పిల్లలకు ఇచ్చే చోటు టాయిలెట్ పక్కనో, ఏసీ రాని మూలలోనో ఉంటే అది కూడా తప్పే. అలాంటిచోట మీరు గట్టిగా అడగండి, మీ పక్షానే ఉంటాను.

అపోహ: రాత్రి 11 దాటితే పిల్లల్ని హోటళ్లకు తీసుకెళ్లకూడదని హైకోర్టు చెప్పింది.

వాట్సాప్‌లో ఇది తిరుగుతూనే ఉంది, దాన్ని చూపించి మా వాళ్లతో గొడవపడినవాళ్లూ ఉన్నారు. తెలంగాణ హైకోర్టు 2025 జనవరిలో చెప్పింది సినిమా థియేటర్ల గురించి. పదహారేళ్లలోపు పిల్లల్ని ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత షోలకు రానివ్వొద్దని. ఆ ఆంక్షను మార్చిలో సడలించింది కూడా. రెస్టారెంట్లకు దీనితో సంబంధమే లేదు. ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి చదవండి, దయచేసి.

అపోహ: పబ్‌లో ఒక మూల కూర్చుంటే పర్లేదు, పాప ఎలాగూ నిద్రపోతోంది.

దీనికి మాత్రం నా దగ్గర సర్దుబాటు లేదు. పబ్‌లో పిల్లల్లేని సెక్షన్ కాదు, పబ్ మొత్తం పిల్లల్లేనిదిగానే ఉండాలి. లండన్ నుంచి వచ్చిన బంధువులు అక్కడి పబ్బుల్లో పిల్లలు కూర్చుని తింటారని అంటుంటారు. నిజమే, అక్కడ పెద్దవాళ్లు వెంట ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. వాటిలో చాలావరకు వీధి చివర భోజనశాలల్లాంటివి, ఆదివారం మధ్యాహ్నం ముసలివాళ్లు కూడా వచ్చి తింటారు. మన పబ్ అంటే డీజే, స్పీకర్లు, చీకటి. ఇక్కడ మందు పోయడానికి వయసు 21. మైనర్లను రానివ్వొద్దని పోలీసులు, ఎక్సైజ్ వాళ్లు మాకు చెబుతూనే ఉంటారు.

చట్టం సంగతి పక్కనపెట్టి చెవి సంగతి చూడండి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబుల్స్ శబ్దంలో పెద్దవాళ్లు రోజుకి ఎనిమిది గంటలకు మించి ఉండకూడదు. మూడు డెసిబుల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట. 100 దగ్గర పదిహేను నిమిషాలు. డీజే ఊపందుకున్నాక 100 దాటడం మామూలే. మా బార్‌టెండర్లకే చెవిలో పెట్టుకునే ప్లగ్గులు ఇస్తాం. పాప నిద్రపోతున్నా శబ్దం లోపలికి వెళుతూనే ఉంటుంది.

పొగ గురించి రెండు మాటలు. ముప్పై సీట్లు, అంతకుమించి ఉన్న రెస్టారెంట్లో పొగతాగే గది విడిగా పెట్టుకోవచ్చు, 2017 నుంచి అందులో ఏదీ వడ్డించకూడదు. కాబట్టి ‘స్మోకింగ్ సెక్షన్‌లో భోజనం చేస్తాం, బాబు పక్కన ఆడుకుంటాడు’ అనే మాటే కుదరదు. తెలంగాణలో హుక్కా పార్లర్లను 2024లో నిషేధించారు.

పెద్దల సెక్షన్ పెడితే వ్యాపారం పోతుందని భయపడే యజమానులకు: పోదు. మాకు వారం మధ్యలో రాత్రుళ్లు మొదట నిండేది ఆ టేబుళ్లే. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురుగా వచ్చేవాళ్లు అటు వెళ్లిపోతారు, కుటుంబాలకు గోడవైపు పెద్ద టేబుళ్లు మిగులుతాయి.

ఆ ఆదివారం ఆవిడతో నేను వాదించలేదు. రెండు నిమిషాలు ఇలా రండమ్మా అని కిచెన్ తలుపు దగ్గరికి తీసుకెళ్లాను. పాప ఆవిడ చంకలోనే ఉంది. మేం నిలబడ్డ కాసేపట్లో రెండు సూప్ ట్రేలు, ఒక సిజ్లర్, ఒక బిర్యానీ హండీ మా పక్కనుంచి వెళ్లాయి. సిజ్లర్ వెళ్లేటప్పుడు పాప చెయ్యి చాపింది. ఆవిడ గబుక్కున పాపను అటువైపు భుజానికి మార్చుకున్నారు.

గోడవైపు టేబుల్ తీసుకున్నారు. హై చైర్ వేయించాను. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆవిడ, “పాపకి సూప్ కొంచెం చల్లారాక తెస్తారా?” అని అడిగారు. అలా ఎవరూ అడగరు, మాకూ ఎప్పుడూ తట్టలేదు. ఆ రోజు నుంచి పిల్లలున్న టేబుల్ కేఓటీ (కిచెన్‌కి పంపే ఆర్డర్ చీటీ) మీద ‘చల్లార్చి’ అని రాయిస్తున్నాను.