సెకండ్ షో వదిలే చోట కాపురం: చిక్కడపల్లి చుట్టుపక్కల ఇల్లు వెతికేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, గాంధీనగర్, దోమలగూడ, బాగ్‌లింగంపల్లి. హైదరాబాద్‌లో బండి తీయకుండా రోజు గడిపే వీలున్న పేటల్లో ఇవి ముందుంటాయి. పొద్దున ఇందిరా పార్కులో నడక, పగలు సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం త్యాగరాయ గానసభలో ఏదో ఒక కార్యక్రమం, రాత్రి సంధ్యలోనో దేవిలోనో సుదర్శన్‌లోనో సినిమా, ఆ తర్వాత బిర్యానీ. ఊరు రాత్రిపూట మేలుకుని ఉండే చోటుకి ఇంత దగ్గరగా, ఇంత మామూలు మధ్యతరగతి ఇళ్లు ఉండటం నాకు చాలా ఇష్టం.

నేను ఆర్కిటెక్ట్‌ని. ఈ పేటల్లో పాత ఇళ్లకు మరమ్మతులు చేయించడం, ఫ్లాట్ కొనబోయేవాళ్ల తరఫున వెళ్లి పరిశీలించి చెప్పడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఏరియా పేరు విని అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. ఇక్కడ మాత్రం గల్లీ గల్లీకి లెక్క మారిపోతుంది. ఒకే బిల్డింగులో ముందు ఫ్లాటుకీ వెనక ఫ్లాటుకీ కూడా మారిపోతుంది. అందుకే నా దగ్గర తరచుగా వినపడే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని చెబుతాను.

అపోహ: థియేటర్లు, హోటళ్లు దగ్గరుంటే రాత్రి నిద్ర ఉండదు.

మెయిన్ రోడ్డు వైపు పడకగది ఉంటే ఈ మాట నిజమే. అర్ధరాత్రి దాటాక సెకండ్ షో వదులుతారు, ఒక్కసారిగా వందల బండ్లు స్టార్ట్ అవుతాయి. కానీ అదే రోడ్డు నుంచి రెండు బిల్డింగులు లోపలికి వెళ్లి చూడండి. శబ్దానికీ మీ కిటికీకీ మధ్య మూడు నాలుగు అంతస్తుల బిల్డింగు అడ్డంగా ఉంటే అదే పెద్ద గోడలా పనిచేస్తుంది. రోడ్డు కనపడని కిటికీకి రోడ్డు శబ్దం బాగా తగ్గి వస్తుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నేను మొదట చేసే పని పడకగది కిటికీ దగ్గర నిలబడి రోడ్డు కనిపిస్తోందా లేదా చూడటం.

పై అంతస్తుకి వెళితే శబ్దం తగ్గుతుందని చాలామంది నాలుగో అంతస్తు అడుగుతారు. అడ్డం లేనప్పుడు పైకి వెళ్లినా తగ్గేది కొంచెమే. కింద ప్రహరీ గోడ, చెట్టు, షాపు బోర్డు ఏదో ఒకటి కాస్త ఆపుతాయి. పైన అవి కూడా ఉండవు. మెట్రో లైను పక్కనైతే పై అంతస్తు ఇంకా ఇబ్బంది, ఎందుకంటే పట్టాలు ఆ ఎత్తులోనే ఉంటాయి.

అసలు జాగ్రత్త పడాల్సింది హోటల్ వెనక గోడ గురించి. ముందువైపు జనం ఒంటి గంటకల్లా వెళ్లిపోతారు. వెనకవైపు ఎగ్జాస్ట్ ఫ్యాను, గిన్నెలు తోమే చప్పుడు, తెల్లవారుజామున సరుకు దించే ఆటో, షట్టర్ లేపే శబ్దం, వీటికి వేళాపాళా ఉండదు. మసాలా వాసన కూడా అటే వస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకి ఇల్లు చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తే ఇవేవీ తెలియవు. శుక్రవారం రాత్రి ఒంటి గంటకు ఒకసారి, మామూలు రోజు తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి వెళ్లి ఆ గల్లీలో పది నిమిషాలు నిలబడండి.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలిసి ఉండాలి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. ఇక్కడ మెలిక ఏంటంటే, మెయిన్ రోడ్డు మీది బిల్డింగు వాణిజ్య ప్రాంతం కింద ఉంటే మీరు అందులో కాపురం ఉంటున్నా రాత్రికి వర్తించేది 45 కాదు, 55 లెక్కే. పది డెసిబెల్స్ తేడా అంటే చెవికి శబ్దం దాదాపు రెట్టింపు అయినట్టు వినిపిస్తుంది. కొనేవాళ్లు ఆ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో ముందే కనుక్కోవాలి.

అపోహ: మందపాటి కర్టెన్లు, డబుల్ గ్లాస్ వేయిస్తే చాలు.

కర్టెన్ గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటి శబ్దాన్ని ఆపలేదు. అద్దం సంగతికి వస్తే, ఖర్చు పెట్టే ముందు సందులు చూడండి. కిటికీ మొత్తం వైశాల్యంలో ఒక్క శాతం ఖాళీ ఉన్నా, ఎంత ఖరీదైన అద్దం వేసినా ఆ కిటికీ మొత్తం మీద ఇరవై డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. శబ్దం ఆ సందులోంచే వచ్చేస్తుంది. మన దగ్గర వాడే అల్యూమినియం స్లైడింగ్ కిటికీల్లో ట్రాకు దగ్గర ఆ సందు ఎప్పుడూ ఉంటుంది. పాత ఇళ్లలో కిటికీ పైన జాలీ వెంటిలేటర్ ఉంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. కిటికీకి వేలకు వేలు పెట్టి వెంటిలేటర్ తెరిచి ఉంచితే ఫలితం ఉండదు.

నేను చెప్పే వరుస ఇది. మొదట వెంటిలేటర్, ఏసీ పైపు రంధ్రం, తలుపు కింద సందు మూయించండి. తర్వాత పడకగదికి మాత్రం స్లైడింగ్ తీసేసి, రబ్బరు గ్యాస్కెట్ ఉండి గట్టిగా బిగుసుకునే రెక్కల కిటికీ పెట్టించండి. దానికి ల్యామినేటెడ్ అద్దం, అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించినది, వేయించండి. ఇల్లంతా చేయించక్కర్లేదు. అన్నీ మూసేస్తే గాలి ఆడదు కాబట్టి, వెనకవైపు నిశ్శబ్దంగా ఉండే దిక్కు నుంచి గాలి వచ్చే దారి ఒకటి ఉంచుకోవాలి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు ఇంకా తేలిక మార్గం ఉంది: వెనక గదిని పడకగది చేసుకుని, ముందు గదిని హాలుగా వాడుకోవడం.

అపోహ: రాత్రిళ్లు జనం తిరిగే పేట ఆడపిల్లలకు మంచిది కాదు.

తల్లిదండ్రులు ఈ మాట అడిగినప్పుడు నేను తేలిగ్గా తీసుకోను. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది హాస్టళ్లలో ఉంటారు, ఇది వాళ్ల రోజువారీ విషయం. నా అనుభవంలో భయపెట్టేది చీకటి గల్లీ. ఎదురెదురు ప్రహరీలు, ఒక్క కిటికీ కూడా తెరుచుకోని గోడ, పనిచేయని వీధి దీపం ఉన్న వంద గజాలు. టీ కొట్టు, మెడికల్ షాపు, జిరాక్స్ సెంటర్, పుస్తకాలు పట్టుకుని లైబ్రరీ నుంచి తిరిగొచ్చే పిల్లలు ఉన్న గల్లీలో, ఏదైనా జరిగితే చూసేవాళ్లు, కేకేస్తే వచ్చేవాళ్లు ఉంటారు. హాస్టలు చూసేటప్పుడు గదికంటే ముందు మెట్రో స్టేషన్ నుంచి ఆ గేటు దాకా రాత్రి తొమ్మిదిన్నరకు నడిచి చూడమని చెబుతాను.

అయితే జనం ఉండటం వేరు, గుంపు వేరు. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. ఈ పేటను ఇష్టపడేవాళ్లెవరూ ఆ రాత్రిని మర్చిపోకూడదు. పెద్ద హీరో సినిమా విడుదల రోజున ఈ రోడ్లు మామూలు రోడ్లు కావు. చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటివాళ్లు ఆ రోజు థియేటర్ల ముందు దారి కాకుండా వెనక గల్లీల్లోంచి రాకపోకలు పెట్టుకోవాలి. ఇల్లు తీసుకునే ముందే అడగాల్సిన ప్రశ్న: రోడ్డు మూసేస్తే అంబులెన్స్ మా గేటు దాకా రావడానికి రెండో దారి ఉందా? ఒకే ఒక్క దారి ఉండి, అది థియేటర్ పక్కనే బయటికి తేలే గల్లీ అయితే నేను వద్దనే అంటాను.

అపోహ: అన్నీ కిలోమీటరు లోపే ఉన్నాయి కాబట్టి నడిచి వెళ్లొచ్చు.

మ్యాపులో దూరం చూసి ఈ మాట అనేస్తారు. నడక కష్టమయ్యేది దూరం వల్ల కంటే రోడ్డు దాటడం వల్ల. మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ ఉంటుంది, దాని మీద బండ్లు, షాపు సామాను, ట్రాన్స్‌ఫార్మర్, మెట్రో మెట్లు కూడా ఉంటాయి. 2023 ఆగస్టులో ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు. కారులో వెళ్లేవాళ్లకు క్రాస్‌రోడ్స్ సిగ్నల్ తప్పింది. కింద నడిచేవాళ్ల దారి మాత్రం అలాగే ఉంది. ఇంత చక్కటి పేటలో కాలినడకన పోయేవాళ్లను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఉన్నంతలో ఒక మంచి ఉపాయం ఉంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వెళ్లే మెట్రో లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు దాని మీదే వస్తాయి. టికెట్ లేకుండానే స్టేషన్ ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగి రోడ్డు దాటొచ్చు. లిఫ్టు కూడా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో ఉండేవాళ్లు ఇల్లు ఎంచుకునేటప్పుడు స్టేషన్ మెట్లు ఏ గల్లీ ముందు దిగుతాయో చూసుకోండి. ఇంకొక్కటి, మెట్రో ఉంది కదా అని సెకండ్ షోకి దూరం నుంచి చుట్టాలను పిలవకండి. సినిమా వదిలే వేళకు రైళ్లు ఉండవు.

అపోహ: కారు వాడం కాబట్టి పార్కింగ్ గొడవ మాకు లేదు.

మీకు లేకపోయినా మీ ఇంటికి వచ్చేవాళ్లకు ఉంటుంది, మీ గేటు ముందు బండి పెట్టి సినిమాకి వెళ్లేవాడికీ ఉంటుంది. పాత అపార్ట్‌మెంట్లలో సెల్లార్ అందరికీ సరిపోదు. కొనేటప్పుడు పార్కింగ్ స్థలం రిజిస్ట్రేషన్ కాగితంలో రాసి ఉందో లేదో చూడండి. నోటిమాట మీద నడిచిన ఏర్పాటు ఓనరు మారగానే చెదిరిపోతుంది.

అపోహ: పాత బిల్డింగు అంటే రేపో మాపో కూలేది.

దీనికి సరిగ్గా ఎదురు అపోహ కూడా వింటాను, పాతకాలం కట్టుబడి అయితే వందేళ్లు చూసుకోనక్కర్లేదని. వయసు ఒక్కటే చూసి చెప్పలేం. కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టిందా అన్నదే అసలు ప్రశ్న. బాత్రూం కింది స్లాబు, సన్‌షేడ్ అడుగు, సెల్లార్ పిల్లర్ల పాదాలు, ఈ మూడు చోట్ల తుప్పు మరక, పెచ్చులూడటం కనిపిస్తే ఆగండి. మేము కాంక్రీటును కొద్దిగా పగలగొట్టి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతాం. గులాబీ రంగుకి మారితే కాంక్రీటులో క్షారం ఇంకా ఉంది, ఇనుముకి రక్షణ ఉన్నట్టు. రంగు మారకుండా ఉన్న పొర ఇనుము దాకా వెళ్లిపోయి ఉంటే, పైపైన ప్లాస్టరింగు చేసి అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

దోమలగూడ, గాంధీనగర్ వైపు అక్కడక్కడా డంగు సున్నంతో కట్టిన ఇళ్లు మిగిలాయి. వాటి గోడలకు సిమెంటు ప్లాస్టరింగు చేయించొద్దు. సున్నపు గోడ తేమను బయటికి వదులుతూ ఉంటుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది, తేమ లోపలే ఉండిపోయి గోడ గుల్లబారుతుంది. పాత పూత తీసేసి మళ్లీ సున్నంతోనే చేయించాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు, దొరికితే వాళ్ల చేత పక్కన కుర్రాళ్లకు నేర్పించండి.

పాత ఫ్లాటు ధర కట్టేటప్పుడు అన్‌డివైడెడ్ షేర్, అంటే బిల్డింగు స్థలంలో ఆ ఫ్లాటుకి వచ్చే వాటా, చూడండి. 400 గజాల్లో పది సమాన ఫ్లాట్లుంటే మీ వాటా 40 గజాలు, ఇరవై ఉంటే 20 గజాలే. ముప్పై ఏళ్ల బిల్డింగులో మీరు కొనేది ప్రధానంగా ఆ నేల.

ఎవరూ అడగని ప్రశ్న: నాలా ఎక్కడుంది?

రాత్రి శబ్దం గురించి గంటసేపు మాట్లాడినవాళ్లు కూడా ఈ ఒక్క మాట అడగరు. హుస్సేన్‌సాగర్ నిండినప్పుడు మిగులు నీళ్లు వెళ్లే నాలా అశోక్‌నగర్, దోమలగూడ, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట వైపుల మీదుగా మూసీలో కలుస్తుంది. చెరువు పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 513.41 మీటర్లు. దానికి దగ్గరపడ్డాక పైన కురిసే ప్రతి వాన ఈ దారినే రావాలి. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లో పల్లపు కాలనీలు ఎన్ని మునిగాయో అందరం చూశాం.

అందుకని ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వాచ్‌మన్‌ని, ఎదురింటి పెద్దవాళ్లని, కిరాణా కొట్టు ఆయన్ని అడగండి: "ఆ వానలప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. సెల్లార్ గోడకు అడ్డంగా ఒకే ఎత్తులో మరక ఉందా, లిఫ్టు మోటారు, కరెంటు మీటర్లు ఏ ఎత్తులో పెట్టారు, సంపు మూత రోడ్డు మట్టం కంటే పైకి ఉందా కిందికి ఉందా చూడండి. సంపులోకి వరద నీళ్లు వచ్చిన ఇంట్లో తాగునీళ్లు, మురుగునీళ్లు కలిసిపోతాయి. మీటర్లు నడుము ఎత్తుకంటే కింద ఉంటే పైకి మార్చుతామని కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. నాలా పక్క గల్లీలో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్ మాత్రం అద్దె ఎంత తక్కువైనా తీసుకోవద్దు.