బుజ్జమ్మకి మూడు రాళ్ళెందుకు? (పిల్లలకు ఉత్తరం)

బుజ్జమ్మకీ, చంటిగాడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

బుజ్జమ్మకి ఒక్కొక్కరు ఒక్కో రాయి చెబుతున్నారేమిటని మొన్న ఫోన్‌లో ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ అడిగారు కదా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. బుజ్జమ్మ జూలైలో పుట్టింది కాబట్టి తన రాయి కెంపు అని స్కూల్లో ఫ్రెండ్స్ చెప్పారట. ఇక్కడ సిద్ధాంతిగారేమో రోహిణీ నక్షత్రానికి చంద్రుడు అధిపతి, ముత్యం పెట్టుకోమన్నారు. మీ మేనత్త వృషభరాశికి శుక్రుడు కదా, వజ్రమే మంచిదంటోంది (మీ నాన్న జేబు సంగతి ఆవిడకేం పట్టింది!). ఒక్క పిల్లకి మూడు రాళ్ళు ఎలా వచ్చాయంటే, ఇవి మూడూ వేరు వేరు లెక్కలు, అంతే.

నెలల లెక్క పడమటి దేశాలది. యూదుల ప్రధాన యాజకుడి రొమ్ము పతకం మీద పన్నెండు రాళ్ళు ఉండేవని బైబిల్లో ఉంది, ఆ పన్నెండుని తర్వాతివాళ్ళు పన్నెండు నెలలకి ముడిపెట్టారు. కానీ ఇప్పుడు షాపుల్లో చూపించే జాబితా అంత పాతదేం కాదు, 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం ఖాయం చేసింది. అమ్మేవాళ్ళే జాబితా రాస్తే అది పెరగక ఏమవుతుంది? డిసెంబరుకి టాంజనైట్‌ని 2002లో చేర్చారు. ఆ రాయి టాంజానియాలో బయటపడిందే 1967లో. అంటే, చంటీ, డిసెంబరులో పుట్టిన నువ్వు అనాదిగా వస్తున్న నీ రాయి అని గొప్పలు పోయావే, అది మీ అమ్మమ్మ కంటే చిన్నది!

మనది గ్రహాల లెక్క. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురువుకి కనకపుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకి గోమేధికం, కేతువుకి వైడూర్యం. ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో గరుడ పురాణంలో ఒక కథ ఉంది. బలాసురుడనే రాక్షసుణ్ణి దేవతలు యజ్ఞపశువుగా ఉండమని అడిగితే వాడు మాటకి కట్టుబడి ప్రాణం ఇచ్చేశాడట, వాడి ఎముకలు వజ్రాలు, పళ్ళు ముత్యాలు, నెత్తురు కెంపులు, పిత్తం పచ్చలు, కళ్ళు నీలాలు అయ్యాయట. రాక్షసుడే అయినా మాట తప్పలేదు చూడండి, నాకు ఆ కథలో నచ్చేది అదే.

చంటిగాడిది పుష్యమి, అధిపతి శని, కాబట్టి నీలం అనగానే వాడికి టెన్షన్ పట్టుకుంది. నీలం అందరికీ పడదని, మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పీడకలలు రాకపోతేనే పెట్టుకోవాలని మనవాళ్ళంటారు. ఒరే, దిండు కింద రాయి ఉందని గుర్తుంటే ఎవరికైనా పీడకలలే వస్తాయి. అసలు తమాషా ఏమిటంటే, అందరూ శుభమనే కెంపూ, భయపడే నీలమూ ఒకే రాయి! రెండూ కురువిందమే, అంటే అల్యూమినియమూ ఆక్సిజనూ కలిసిన ఖనిజం. శుద్ధంగా ఉంటే దానికి రంగే ఉండదు. అందులో రవ్వంత క్రోమియం చేరితే ఎర్రబడి కెంపవుతుంది, ఇనుమూ టైటానియమూ చేరితే నీలమవుతుంది. గురువుగారి కనకపుష్యరాగం కూడా ఆ ఇంటిదే. సూర్యుడూ, శనీ తండ్రీకొడుకులని, వాళ్ళకి పడదని చెప్పుకుంటాం కదా, రాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఒక్క కుటుంబమే.

ఇక వజ్రం గురించి మనం కాస్త గర్వపడొచ్చు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికేదాకా లోకానికి వజ్రాలు దాదాపు మన దేశం నుంచే వెళ్ళేవి, అందులోనూ కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల పేరు పెద్దది. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో మన మోటుపల్లి రేవు గురించి రాస్తూ ఒక కథ చెప్పాడు. పాములు నిండిన లోయల్లోకి జనం మాంసం ముక్కలు విసిరేవారట, వాటికి వజ్రాలు అంటుకునేవట, గద్దలు ఆ ముక్కల్ని పైకి తెస్తే వాటిని తరిమి వజ్రాలు ఏరుకునేవారట. నమ్మక్కర్లేదు, ఇలాంటి కథలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. కానీ కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి పడ్డాక చూడండి, జనం సద్ది కట్టుకొచ్చి ఎర్రమట్టి చేలల్లో నడుం వంచి, మట్టి మీంచి చూపు తిప్పకుండా రోజంతా తిరుగుతారు. వాన మట్టిని కడిగితే రాయి మెరుస్తుందని ఆశ.

ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. అమ్మ ముత్యాల దండలో ఒక ముత్యాన్ని ముందుపళ్ళ అంచు మీద మెల్లగా రాస్తే సన్నటి ఇసుకలా గరగరమంటుంది. గాజు పూస అయితే నున్నగా జారిపోతుంది. పెంచిన ముత్యాలూ గరగరమంటాయి, ఎందుకంటే అవీ ఆల్చిప్పలో తయారైనవే. వజ్రమైతే దాని మీద నోటి ఆవిరి ఊదండి, వేడిని ఇట్టే లాగేస్తుంది కాబట్టి మసక వెంటనే పోతుంది, గాజు రాయి మీద కాసేపు నిలుస్తుంది. కొనేటప్పుడు మాత్రం ఈ చిట్కాలు చాలవు, ల్యాబ్ సర్టిఫికెట్ చూడాల్సిందే. ఇక రాయి పెట్టుకోకపోతే ఏదో అయిపోతుందని భయపెట్టి అమ్మేవాళ్ళ దగ్గర సర్టిఫికెట్ ఉన్నా కొనొద్దు.

అన్నట్టు, అమ్మ తన పచ్చ ఉంగరాన్ని షాపులో మెషిన్ క్లీనింగ్‌కి ఇస్తానంటోంది, వద్దని చెప్పండి. పచ్చల్లో సన్నటి పగుళ్ళు ఉంటాయి, అవి కనపడకుండా నూనె పట్టిస్తారు, మెషిన్లో వేస్తే ఆ నూనె పోయి రాయి వెలవెలబోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

మీ అమ్మమ్మ