బిల్లు రాని నీళ్లకూ ఖర్చుంది: కృష్ణ ఒడ్డున వినిపించే అపోహలు, వాస్తవాలు

నేను చేసేది వాటర్ ఆడిట్. అపార్ట్‌మెంట్లకు, అప్పుడప్పుడు రైతు సంఘాలకు లెక్క కట్టి పెడతాను: నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి, అందుకు ఎవరి జేబు ఎంత ఖాళీ అవుతోంది అని. విజయవాడ, గుంటూరు మధ్య ఈ పని మీద తిరగబట్టి పద్దెనిమిదేళ్లయింది. ఎక్కడికెళ్లినా అవే మాటలు వినపడతాయి. ఈసారి వాటికి రాతలోనే జవాబు చెబుదామనిపించింది.

అపోహ: కృష్ణమ్మ పక్కనే ఉండగా మనకు కరువేంటి?

వాస్తవం: 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకో ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ లెక్కన పావుగంటకో టీఎంసీ. బ్యారేజీలో నిలవుండేదే దాదాపు మూడు టీఎంసీలు. ముప్పావు గంటలో బ్యారేజీని నింపగల నీరు, గేట్లన్నీ ఎత్తేస్తే, గంటల తరబడి సముద్రంలోకి పోయింది. అవే రోజుల్లో బుడమేరు ముంచిన సింగ్‌నగర్‌లో జనం నడుము లోతు నీళ్లలో నిలబడి నీళ్ల ప్యాకెట్ల కోసం చేతులు చాచారు.

నది ఉండటం ఒకటి. మే నెలలో, తాగేందుకు పనికొచ్చే నీరు, కుళాయి తిప్పితే రావడం మరొకటి. ఈ రెండోదానికి ఫిల్టర్ బెడ్లు, మోటార్లు, పైపులు, కరెంటు, లైన్‌మన్ జీతం అన్నీ కావాలి. వీటిలో ఏదీ వానతో పాటు ఆకాశం నుంచి పడదు.

ఇంకో లెక్క చూడండి. 10 లక్షల జనాభా ఉన్న ఊళ్లో మనిషికి రోజుకు 150 లీటర్లు ఇస్తే ఏడాదికి రెండు టీఎంసీలు కూడా పట్టవు. కృష్ణా నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఒక్క కృష్ణా డెల్టాకు కేటాయించింది 181.2 టీఎంసీలు. ఊరి దాహం అందులో నూటికో వంతు. అందుకే మన పట్టణాల్లో నీటి కొరత అని ఎవరైనా అంటే నేను ముందు నది వైపు చూడను, పైపుల వైపు, మున్సిపాలిటీ పద్దు వైపు చూస్తాను.

అపోహ: నీళ్లకు రేటు కడితే పేదవాడి నోరు కొట్టినట్టే.

ఈ మాట అనేవాళ్ల మనసు మంచిదే. కానీ పేదవాడు ఇప్పటికే రేటు కడుతున్నాడు, అదీ అందరికంటే ఎక్కువ. విజయవాడ కొండవాలు ఇళ్లు చూసే ఉంటారు. పైకి వెళ్లేకొద్దీ కుళాయిలో ధార సన్నబడుతుంది. ఒకసారి ఒక కొండ మీద, మెట్లకు చివరనున్న ఇంట్లో ఒక పిన్నిగారు క్యాలెండర్ చూపించారు. పాలవాడి లెక్కలాగా తేదీల మీద గీతలు. ఒక్కో గీత ఒక్కో నీళ్ల టిన్ను. 20 లీటర్ల టిన్ను 20 రూపాయలు, మెట్లెక్కించినందుకు పది. అంటే వెయ్యి లీటర్లకు 1,500 రూపాయలు! కింద రోడ్డు పక్కన రెండంతస్తుల ఇంటాయన కట్టే నీటి పన్ను దీని దరిదాపుల్లో కూడా ఉండదు. ఆ నీళ్లతో ఆయన కారు కడుగుతాడు.

అందరికీ చవగ్గా ఇస్తున్నామంటూ డబ్బుల్లేక పైపు వేయకపోతే, ఆ చవక పైపు ఉన్నవాళ్లకే దక్కుతుంది. బతకడానికి కావలసినంత ఉచితంగా ఇచ్చి, ఆపై వాడకానికి రేటు పెంచుకుంటూ పోవడం ఒక దారి. దక్షిణాఫ్రికా 2001 నుంచి కుటుంబానికి నెలకు ఆరు వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే విధానం పెట్టుకుంది. 2021లో హైదరాబాద్‌లో 20 వేల లీటర్లు ఉచితమన్నారు, మీటరు ఉండాలన్న షరతుతో. 20 వేలు ఎక్కువేనని నా అభిప్రాయం, ఆ షరతు మాత్రం నాకు నచ్చింది.

అపోహ: డ్రిప్ పెడితే భూగర్భజలం మిగులుతుంది.

వాస్తవం: మొక్కకు పోసే నీరు తగ్గుతుంది, నిజమే. బోరులో మిగులుతుందా అన్నది వేరే ప్రశ్న. పల్నాడు మెట్టలో ఒక మిర్చి రైతు నాతో సంతోషంగా చెప్పాడు, డ్రిప్ వచ్చాక రెండెకరాలు మూడున్నర చేశానని. ఆయన్ను తప్పు పట్టను, ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. మోటారుకు ఆటో స్టార్టర్ తగిలిస్తే అర్ధరాత్రి కరెంటొచ్చినా అదే ఆడుతుంది. ఇంకో గంట ఆడితే రైతుకు పైసా ఖర్చు లేదు. ఖర్చు తర్వాతెప్పుడో వస్తుంది, బోరు ఎండి ఇంకా లోతుకు దించాల్సి వచ్చినప్పుడు. ఒక్కోసారి అది ఆయనకు కాదు, పక్క చేను వాడికి వస్తుంది.

మరి దారి లేదా అంటే, ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రకాశం, అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో ఒక కార్యక్రమం నడిచింది. రైతులే వాన కొలిచారు, బోరుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊళ్లో కూర్చుని ఈ ఏడు ఎంత నీరుంది, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్కేసుకున్నారు. ఇది వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. అయినా చాలా ఊళ్లలో వరి తగ్గింది. ఎదురుగా లెక్క ఉంటే పక్కవాడి బోరు కూడా మన కంటికి కనిపిస్తుంది.

అపోహ: కాలువ శివారుకు నీరందడం లేదంటే పైనుంచి నీరు తక్కువొచ్చినట్టే.

కొన్నేళ్లు అదీ నిజమే. కానీ నీరు బాగా వదిలిన ఏడాది కూడా కొమ్మమూరు కాలువ శివారు రైతు ఎదురుచూస్తూనే ఉంటాడు. 1990ల చివర్లో నీటి తీరువా, అంటే కాలువ నీటికి కట్టే పన్ను, పెంచినప్పుడు మొదటి వరికి ఎకరాకు 200 రూపాయలన్నారు. ఎకరాకే! ఎన్ని తడులు పెట్టారు, ఎన్ని గంటలు పారించారు అన్న లెక్క అందులో లేదు. తూము పక్కనున్న రైతు మడి నిండా నీరు నిలబెట్టుకుంటే ఆయనకు పోయేదేమీ లేదు. మళ్లీ వంతు ఎప్పుడొస్తుందోనన్న భయం ఒకటి. కాలువలో గుర్రపుడెక్క సంగతి సరేసరి.

బాపట్ల వైపు ఒక పెద్దాయన మురుగు కాలువ గట్టు మీద ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడుతున్నాడు. "ఎన్ని గంటలు ఆడిస్తారు బాబాయ్ గారూ?" అనడిగాను. పక్కనున్న ఖాళీ డీజిల్ డబ్బాను కాలితో తట్టి, "మా చేనుకి నీళ్లు కాలవలో రావమ్మా, ఇందులో వస్తయ్" అన్నాడు. కాలువ నీటికి మించి డీజిలుకు పోస్తున్నాడు. ఆ ఖర్చు ఏ నీటి పద్దులోనూ కనిపించదు.

డెల్టా రైతుకు నీటి విలువ తెలియదని మాత్రం నా ముందు అనకండి. కోతకు రెండు మూడు రోజుల ముందు వరి చేలోనే మినుములు చల్లి, నేలలో మిగిలిన పదునుతోనే మాగాణి మినుము పండించేది ఈ రైతులే.

అపోహ: సముద్రం దగ్గరే ఉందిగా, ఉప్పు తీసేస్తే పోలా?

తీయొచ్చు. చెన్నై దగ్గర మింజూరు ప్లాంటు 2010లో రోజుకు 10 కోట్ల లీటర్లు తీసే సామర్థ్యంతో మొదలైంది. అలాంటి ప్లాంటు వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు తాగుతుంది. కృష్ణ నీళ్లను లీకుల్లో పోగొట్టుకుంటూ ఆ కరెంటు బిల్లు ఎందుకు?

అపోహ: జనంలో అవగాహన వస్తే నీళ్లు వాటంతటవే ఆదా అవుతాయి.

గుంటూరు బ్రాడీపేటలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. లిఫ్టు పక్కన "నీటిని పొదుపు చేద్దాం" అని రంగుల పోస్టరు. వేసవిలో రోజు విడిచి రోజు ట్యాంకరు. "పై ఫ్లోర్ల వాళ్లు తెగ వాడేస్తున్నారు మేడం" అన్నారు ప్రెసిడెంట్ గారు. ఆయనది కింద ఫ్లోరు.

రాత్రి పదకొండుకి మోటారు ఆపించి, పైన ట్యాంకులో కర్ర దించి గీత పెట్టాను. తెల్లారి నాలుగున్నరకు మళ్లీ దించితే తొమ్మిది అంగుళాలు తగ్గింది. ఆ ట్యాంకు కొలతకు రెండున్నర వేల లీటర్లు. అందరూ నిద్రపోతుండగా సగం ట్యాంకరు! పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి ఫ్లష్ ట్యాంకులో చిటికెడు పసుపు వేసి, ఎవరినీ ఫ్లష్ చేయొద్దన్నాను. పావుగంట తర్వాత ఏడు ఇళ్లలో కింద కమోడ్‌లో పసుపు దిగింది. అందులో ప్రెసిడెంట్ గారిదీ ఒకటి. వాషర్లు పోయాయంతే.

వాళ్లకు అవగాహన లేక కాదు. ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్స్‌లో 24 వాటాలవుతుంది. నా ఇంట్లో లీకైతే నాకు పడేది 24లో ఒక వాటా. ప్లంబర్ని పిలిచి అతని కోసం సగం రోజు ఇంట్లో కూర్చోవాల్సింది మాత్రం నేనొక్కదాన్నే. ఎవరు పిలుస్తారు? తూము దగ్గర రైతుకీ ఈ ఫ్లాట్ ఓనరుకీ నాకేం తేడా కనపడలేదు.

ఏడు వాషర్లు మార్పించాక ట్యాంకరు మూడు నాలుగు రోజులకోసారి వస్తోంది. ఫ్లాటుకో మీటరు పెట్టి వాడకాన్ని బట్టి పంచుకోండని రిపోర్టులో రాశాను. వచ్చే మీటింగ్‌లో చూద్దామన్నారు. ఇప్పటికి మూడు మీటింగులయ్యాయి.