కూల్చినవాళ్ళే మళ్ళీ కట్టిన పబ్బు

చిరంజీవులు సాహితికి, ఆదిత్యకు,

తాతయ్య ఆశీస్సులు. పిల్లలకు పబ్బు గురించి ఉత్తరమేమిటని మీ అమ్మమ్మ అప్పుడే సణుగుతోంది. ఇంగ్లండులో పబ్బంటే మన వీధి చివరి బ్రాందీ షాపు కాదు. పేటవాళ్ళు కలుసుకునే చోటు. అక్కడ భోజనం చేస్తారు, పుట్టినరోజులు చేసుకుంటారు, ముసలాళ్ళు గంటల తరబడి కబుర్లాడుకుంటారు.

లండన్‌లోని కిల్బర్న్‌లో కార్ల్‌టన్ టావెర్న్ అని ఒకటుంది. అక్కడి పాత పబ్బు మీద 1918లో జర్మన్ బాంబు పడితే, చారింగ్టన్ అనే బీరు కంపెనీ 1920-21లో దీన్ని కట్టించింది. రెండో ప్రపంచ యుద్ధం బాంబులకు కూడా ఇది పడిపోలేదు. పడగొట్టింది సొంత యజమానులే. ఫ్లాట్లు కట్టుకుంటామంటే కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, ఒప్పుకోలేదు. 2015 ఏప్రిల్ 8న చెప్పాపెట్టకుండా బుల్డోజర్ తెచ్చారు. ఇంకో రెండు రోజులాగితే దాన్ని రక్షిత కట్టడంగా గుర్తించాలన్న సిఫారసు వచ్చేది. ఆ తొందర ఎందుకో మీరే ఊహించుకోండి.

పేటవాళ్ళు అమాయకులు కారు. ఇలాంటిదేదో జరుగుతుందని ముందే అనుమానించి, చారిత్రక కట్టడాలను చూసుకునే హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ళను పిలిపించారు. వాళ్ళు భవనం వివరాలన్నీ రాసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, గోడల మీది పలకలకు, అంటే టైల్స్‌కు, ప్లాస్టర్ అచ్చులు కూడా తీసి పెట్టుకున్నారు. అందుకే 'మళ్ళీ ఇటుక ఇటుకా పేర్చి కట్టండి' అని కౌన్సిల్ ఆదేశిస్తే, పాతది ఎలా ఉండేదో తెలియదని తప్పించుకునే దారి లేకపోయింది. యజమానులు అప్పీలు చేశారు, 2016లో బహిరంగ విచారణ జరిగింది, ఆదేశం మాత్రం మారలేదు.

సాహితీ, నీకు మట్టి బొమ్మలు ఇష్టం కదా, అచ్చు సంగతి చెబుతాను విను. పలక మీద తడి ప్లాస్టర్ పోస్తే గట్టిపడి, దాని నగిషీ తిరగేసినట్టు దిగుతుంది. అందులో మట్టి అదిమి, ఆరబెట్టి, కాలిస్తే కొత్త పలక వస్తుంది. కానీ మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. పాత పలక కొలతకే అచ్చు ఉంటే కొత్తది చిన్నదై గోడలో సందులు వస్తాయి. ఈ పని తెలిసినవాళ్ళు ఎంత కుంచించుకుంటుందో లెక్క చూసుకుని అచ్చును కాస్త పెద్దది చేస్తారు.

ఆదిత్యా, కొత్త ఇటుకలతో కట్టింది పాతదెలా అవుతుందని నువ్వు అడుగుతావు. నన్నడిగితే అవదు. వందేళ్ళ గోడ పోయింది, అంతే. అయినా ఆ ఆదేశం సరైనదే అంటాను. కూల్చేసి జరిమానా కట్టేస్తే లాభమే మిగిలేటట్టయితే, మిగతా యజమానులు కూడా బుల్డోజర్లు మాట్లాడుకుంటారు.

2021 ఏప్రిల్‌లో పబ్బు మళ్ళీ తెరిచారు. తీరా అవి కోవిడ్ రోజులు. లోపల కూర్చుని తినకూడదు, తాగకూడదు. ఆరేళ్ళు పోరాడి కట్టించుకున్న గదులు లోపలుంటే, జనం చలిలో బయట బల్లల దగ్గర కూర్చున్నారు.

ఇట్లు,
మీ తాతయ్య