పేరీత మగశంకువు కోస్తే ఏం పోతుంది?

శేషాచలం కొండల ఎండు వాలుల్లో, గడ్డి మధ్య, చూడగానే పొట్టి ఈతచెట్టు అనిపించే మొక్క ఒకటుంది. పేరూ ఆ పోలికతోనే వచ్చింది: పేరీత. నిజానికి ఈతతో దానికి చుట్టరికమే లేదు. ఈత పూస్తుంది, పేరీత పూయదు. భూమ్మీద పువ్వు పుట్టకముందే ఉన్న సైకాడ్ల వంశం దానిది. శాస్త్రీయ నామం సైకాస్ బెడ్డోమీ. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన కల్నల్ బెడ్డోమ్ పేరు మీద 1883లో పెట్టారు. తిరుపతి, కడప వైపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా పెరగదు.

ఎర్రచందనం దుంగలు పట్టుబడితే మర్నాడు పత్రికల్లో ఫొటో వస్తుంది. పేరీతను దోచుకోవడానికి లారీ అక్కర్లేదు, భుజాన ఒక సంచి చాలు. కోసుకుపోయేది మగమొక్క నడినెత్తిన వచ్చే శంకువుని. ‘మదన’ అన్న మాట తగిలించిన పేర్లతో, మగవాళ్లకు బలమిచ్చే మందని అమ్ముతారు. సైకాడ్లలో కాలేయాన్ని దెబ్బతీసే సైకాసిన్ అనే విషం ఉంటుందని కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు.

శంకువు కోస్తే మొక్క చావదు కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. పేరీతలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. పుప్పొడి ఉండేది ఆ మగశంకువులోనే. అది సంచిలోకి వెళ్లిపోతే, అవతలి వాలున ఉన్న ఆడమొక్క ఆ ఏడాది గింజ కట్టదు. పచ్చగానే ఉంటుంది, కార్చిచ్చుకు ఆకులు కాలినా మళ్లీ చిగురిస్తుంది. చూసేవాళ్లకు అడవి బాగానే ఉన్నట్టుంటుంది, పిల్లమొక్కలు మాత్రం కనిపించవు. నరికిన చెట్టుకి మొదలైనా మిగులుతుంది, పుట్టని మొక్కకు ఏ ఆనవాలూ ఉండదు. అందుకే ఈ దొంగతనం నన్ను ఎక్కువ కలతపెడుతుంది.

జత లేకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో చూడొచ్చు. 1895లో అక్కడి ఎన్‌గోయె అడవిలో ఎన్సెఫలార్టస్ వుడీ అనే సైకాడ్ దొరికింది, ఒక్కటే, అదీ మగది. ఆడమొక్క ఇప్పటికీ కనబడలేదు. ఈనాడు ప్రపంచంలోని తోటల్లో ఉన్నవన్నీ ఆ ఒక్క మొక్క పిలకల సంతానమే. అన్నీ మగవే.

మన చట్టం పేరీతను మరిచిపోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ చేసి మొక్కలకూ రక్షణ కల్పించినప్పుడు, మొదటి జాబితాలో చోటు దక్కిన ఆరింటిలో ఇదొకటి. పీకడం, కోయడం, అమ్మడం అన్నీ నేరమే. అయితే ఆ జిల్లాలో ఉండే గిరిజనులు సొంత వాడకానికి సేకరించుకోవచ్చని చట్టమే మినహాయింపునిచ్చింది. నాకది న్యాయంగానే తోస్తుంది. అడవిని ఖాళీ చేసేది ఇంటి వాడకం కాదు, సంత బేరం. అంతర్జాతీయంగా, అడవి మొక్కల, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైట్స్ ఒప్పందం 1987లోనే దీన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది.

‘ఇది నర్సరీలో పెంచిందే’ అని దొంగ బుకాయిస్తే? దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు దీనికొక దారి కనిపెట్టారు. సైకాడ్ కాండం మీద రాలిన ఆకుల మొదళ్లు ఏళ్ల తరబడి అంటుకునే ఉంటాయి. మొక్క ఏ నేలలో వేళ్లూనుకుందో ఆ నేల గుర్తులు, స్ట్రాన్షియం వంటి మూలకాల ఐసోటోపుల (ఒకే మూలకానికి వేర్వేరు బరువులుండే పరమాణువుల) రూపంలో, వాటిలో నిలిచిపోతాయి. కింది పాత మొదళ్లు అడవి నేలను, పైవి తోట నేలను చూపిస్తే, మొక్కను ఎక్కణ్ణుంచి పెకలించారో అదే సాక్ష్యం చెబుతుంది. రేడియోకార్బన్ ఆ మొదళ్ల వయసునూ చెబుతుంది.

కానీ ఆ సాక్ష్యం పనికొచ్చేది మొక్క పోయాకే. పోకముందు దొంగకు కావలసింది ఒక్కటే: అది ఎక్కడుందో తెలియడం. శేషాచలంలో నడుస్తూ పేరీత కనిపిస్తే ఫొటో తీసుకోండి, పదిమందికీ చూపించండి. నెట్‌లో పెట్టే ముందు ఆ ఫొటోలోంచి లొకేషన్ మాత్రం తీసేయండి.