చెత్త మీది మట్టి నుంచి ఎంత మీథేన్ వస్తోంది?

పూడ్చిన చెత్తలో ఆక్సిజన్ అందని చోట సూక్ష్మజీవులు పుట్టించే వాయువులో దాదాపు సగం మీథేన్. అదంతా బయటికి రాదు. పైన కప్పిన మట్టిలో గాలి ఆడే పొరల్లో ఉండే మరో రకం బాక్టీరియా కొంత మీథేన్‌ను తినేస్తాయి. అందుకే చెత్త పరిమాణాన్ని బట్టి వేసే అంచనాతో సరిపెట్టుకోకూడదు. మట్టి మీదే కొలవాలి.

దీనికి ఎక్కువగా వాడేది అడుగు లేని పెట్టె, అంటే ఛాంబర్. ముందు ఒక లోహపు చట్రాన్ని 5 నుంచి 10 సెం.మీ. లోతుకు మట్టిలోకి దించుతారు. దించేటప్పుడు మట్టి కదిలి సందులు ఏర్పడతాయి కాబట్టి, కొలత మర్నాటికి పెట్టుకోవడం మంచిది. చట్రం అంచున ఉన్న గాడిలో నీళ్లు పోసి, అందులో పెట్టెను కూర్చోబెడితే గాలి చొరబడదు. లోపల వాయువు కలిసేందుకు చిన్న ఫ్యాను, ఎండకు వేడెక్కకుండా పైన మెరిసే రేకు ఉండాలి. లోపలి పీడనాన్ని బయటితో సమం చేసే సన్నని గొట్టం మరీ ముఖ్యం. అది లేకపోతే పెట్టెను నొక్కినప్పుడు లోపలి గాలి మట్టిలోకి పోతుంది, సిరంజితో నమూనా లాగినప్పుడు మట్టిలోని వాయువు పైకి వస్తుంది. రెండూ కొలతను చెడగొట్టేవే.

పెట్టె మూసిన వెంటనే ఒకటి, తర్వాత 5, 10, 15 నిమిషాలకు ఒక్కొక్కటి చొప్పున నమూనాలు తీసి వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పరీక్షిస్తారు. పెట్టె ఘనపరిమాణం 50 లీటర్లు, అడుగు వైశాల్యం 0.25 చ.మీ. అనుకుందాం. మీథేన్ నిమిషానికి 10 పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో 10 పాళ్లు) పెరిగితే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది రోజుకు చదరపు మీటరుకు సుమారు 1.9 గ్రాములు.

ఎక్కువసేపు మూసి ఉంచితే ఫలితం మెరుగవుతుందనుకోవడం పొరపాటు. లోపల మీథేన్ పేరుకున్నకొద్దీ మట్టి నుంచి రావడం మందగిస్తుంది, గ్రాఫు వంగిపోతుంది. ఆ వంపు మీద సరళరేఖ గీస్తే అసలు ఉద్గారం కన్నా తక్కువ వస్తుంది. మొదటి నిమిషాల వాలునే తీసుకోవాలి. ఒక్కోసారి మీథేన్ తగ్గుతూ కనిపిస్తుంది. పరికరం చెడిందని ఆ అంకెను పారేయకండి. మట్టిలోని బాక్టీరియా పైగాలిలోని మీథేన్‌ను కూడా తింటున్నాయని దానర్థం కావచ్చు.

అసలు చిక్కు పెట్టెను ఎక్కడ పెట్టాలన్నది. పగుళ్లు, వాలు అంచులు, వాయువు తోడే బావుల చుట్టుపక్కల ఉద్గారం పక్కనున్న గట్టి మట్టికన్నా వందల రెట్లు ఉండొచ్చు. అందుకే ముందు మీథేన్‌ను పసిగట్టే చేతి పరికరంతో నేలంతా నడిచి చూసి, ఎక్కువ, తక్కువ చోట్లను విడదీసి, రెండింటిలోనూ పెట్టెలు పెట్టాలి. ఒక్కో భాగం సగటును దాని వైశాల్యంతో గుణించాకే మొత్తం వేయాలి.

వాతావరణాన్నీ రాసి పెట్టుకోవాలి. వాతావరణ పీడనం పడిపోతున్నప్పుడు వాయువు ఎక్కువగా బయటికి వస్తుంది, పెరుగుతున్నప్పుడు అణగి ఉంటుంది. వాన కురిస్తే మట్టి రంధ్రాలు నీటితో నిండి, వాయువు పగుళ్ల దారి పడుతుంది. తెరిపిగా ఉన్న రోజుల్లోనే కొలిచిన అంకెలను ఏడాది మొత్తానికి గుణించడం నా దృష్టిలో సరైన పని కాదు.

మొత్తం స్థలానికి సరిచూడాలంటే ఎసిటిలీన్ లాంటి వాయువును తెలిసిన వేగంతో వదిలి, గాలివాటున దూరంగా మీథేన్‌కూ దానికీ మధ్య నిష్పత్తిని కొలుస్తారు. ఆ లెక్క పెట్టెల లెక్కను బాగా మించితే, ముందు వెతకాల్సింది చట్రం దిగని చోట్లలో: నిటారు వాలులు, బావుల మూతలు, చెత్త ఊట చేరే మ్యాన్‌హోళ్లు.