కేజీబీ ఫైళ్ళు, పరాయి దేశాల్లో ఉన్న ఉక్రెయిన్ ఉద్యమకారులు: అపోహలు - వాస్తవాలు

నేను రష్యన్, ఉక్రేనియన్ పాత కాగితాలు చదివి రీసెర్చ్ చేసేవాళ్ళకి అనువాదం చేసిచ్చే పనిలో ఉన్నా. నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా సోవియట్ రహస్య పోలీసుల (కేజీబీ, అంతకుముందు వేరే పేర్లతో నడిచింది) ఫైళ్ళే, అందులోనూ ఉక్రెయిన్ స్వతంత్రం కావాలని మ్యూనిక్, పారిస్, న్యూయార్క్‌లలో కూర్చుని కొట్లాడినవాళ్ళ మీద పెట్టినవి. పెళ్ళికో పేరంటానికో వెళ్తే ఎవరో ఒక బాబాయ్ "ఏం చేస్తున్నావమ్మా" అంటాడు, చెప్తే "అబ్బో, స్పై సినిమానే" అంటాడు, ఇక అక్కణ్ణుంచి మొదలు. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నా.

అపోహ: డీక్లాసిఫై చేశారంటే మొత్తం బయటికొచ్చేసినట్టే.

వాస్తవం: ఉక్రెయిన్ 2015లో ఒక చట్టం చేసింది, 1917 నుంచి 1991 దాకా సోవియట్ అణచివేత సంస్థలు పెట్టిన ఫైళ్ళు ఎవరైనా చూడొచ్చని. విదేశీయులు కూడా. కీవ్‌లో ఎస్‌బీయూ (ఉక్రెయిన్ భద్రతా సంస్థ) ఆర్కైవ్ రీడింగ్ రూమ్‌లో కూర్చుని సొంత కెమెరాతో ఫోటోలు తీసుకోవచ్చు, ఇన్ఫార్మర్ల పేర్ల మీద నల్ల ఇంకు పుయ్యరు. ఇంత ఓపెన్‌గా ఇచ్చే దేశాలు చాలా తక్కువ, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ కీవ్‌లో మిగిలింది కేజీబీ ఉక్రెయిన్ శాఖ కాగితాలు మాత్రమే. విదేశాల్లో చేసిన ఆపరేషన్ల అసలు ఫైళ్ళు మాస్కోలో ఉన్నాయి, అక్కడ తలుపు మూసే ఉంది. పైగా 1990 ప్రాంతంలో, సోవియట్ ఇల్లు కూలేలా ఉందని వాసన తగిలాక, కేజీబీ వాళ్ళే బోలెడు ఏజెంట్ ఫైళ్ళు తగలబెట్టేశారు, కొన్ని మాస్కోకి పంపేశారు. అందుకని "ఫలానా ఆయన మీద ఫైల్లో ఏం లేదు కాబట్టి ఆయన క్లీన్" అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. లేకపోవడం కూడా ఎవరో చేసిన పనే కావచ్చు కదా.

అపోహ: సీక్రెట్ ఫైల్లో రాశారంటే అది జరిగినట్టే, వాళ్ళలో వాళ్ళు అబద్ధం ఎందుకు రాసుకుంటారు?

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగుతా, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పడతారు. మన ఊళ్ళో పోలీసు పంచనామా ఎలా రాస్తారో తెలుసుగా, సంఘటన జరిగినప్పుడు సంతలో ఉన్నవాడు కూడా సాక్షి సంతకం పెడతాడు. కేజీబీ ఫైలు కూడా అంతే, అది జరిగింది చెప్పడానికి రాసింది కాదు, కింది ఆఫీసరు పై ఆఫీసరు చదవడానికి రాసుకున్నది. నెలకి ఇన్ని రిపోర్టులు పంపాలి, "ఫలానా గ్రూపులో మనవాడు చొరబడ్డాడు" అని చూపించాలి, లేకపోతే చీవాట్లు. కాబట్టి కాఫీ హోటల్లో ఇద్దరు పెద్దమనుషులు చందాల గురించి తిట్టుకుంటే అది కాగితం మీదికొచ్చేసరికి "నాయకత్వంలో తీవ్రమైన చీలిక" అయి కూర్చుంటుంది. చిలవలు పలవలు అంటారే, అది.

నేను ఏ కాగితం వచ్చినా ముందు చివరి పేజీ అడుగు చూస్తా. అక్కడ చిన్నగా ఉంటుంది, ఎన్ని కాపీలు టైపు చేశారు, ఏ కాపీ ఎవరికి వెళ్ళింది, టైపిస్టు ఎవరు. ఆ నాలుగు ముక్కలు చూస్తే ఇది ఎవర్ని మెప్పించడానికి రాశారో సగం తెలిసిపోతుంది. తర్వాత పైన రంగు పెన్సిలు గీతలు. ఆ తర్వాతే మ్యాటర్.

మ్యాటర్లో ఇంకో విచిత్రం, టైపు చేసిన లైన్ల మధ్యలో చాలాచోట్ల ఖాళీలు ఉంటాయి, ఆ ఖాళీల్లో పెన్నుతో పేరు రాసుంటుంది. టైపిస్టుకి కూడా తెలియకూడదని పేర్లున్నచోట జాగా వదిలేయించి, తర్వాత ఆఫీసరు తన చేత్తో నింపేవాడు. పైగా ఆ పేరు అసలు పేరు కాదు, మారుపేరు. ఇంకా కష్టమేంటంటే ఇన్ఫార్మరుకీ మారుపేరే, వాడు నిఘా పెట్టిన మనిషికీ మారుపేరే. మొదట్లో ఒక ఫైలు చేస్తూ ముగ్గురు ఇన్ఫార్మర్లని లెక్కేసి నోట్ రాసిచ్చేశా, తీరా చూస్తే ఒకడే, మధ్యలో రెండుసార్లు వాడి మారుపేరు మార్చారు. నోట్ అప్పటికే వెళ్ళిపోయింది. ఆ రోజు పడ్డ తిట్లు ఇంకా గుర్తే.

ఇక కావాలని అబద్ధం పుట్టించిన కేసులు వేరే. మిరోన్ మత్వియేకో అని ఒకాయన, ఓయూఎన్ అనే ఉక్రెయిన్ జాతీయవాదుల సంస్థలో స్తెపాన్ బందేరా నడిపిన వర్గానికి సెక్యూరిటీ చీఫ్. 1951లో బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని పారాచూట్‌తో ఉక్రెయిన్‌లో దింపారు, వారాల్లోనే ఎంజీబీ (కేజీబీకి అప్పటి పేరు) పట్టేసుకుంది. పట్టుకుని చంపలా, రేడియో ముందు కూర్చోబెట్టారు. ఏళ్ళ తరబడి ఆయన పేరుతో మ్యూనిక్‌లో ఉన్న ఆ వర్గం వాళ్ళకి మెసేజ్‌లు వెళ్తూనే ఉన్నాయి, ఇక్కడ ఉద్యమం బతికే ఉంది, మనుషుల్ని పంపండి అని. అవతల ఉన్నవాళ్ళు ఆ మెసేజ్‌లు నమ్మి తమ ఫైళ్ళలో భద్రంగా పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ అవతలి ఫైళ్ళు మాత్రమే చదివి 1950ల్లో ఉక్రెయిన్ లోపల ఇంత పెద్ద నెట్‌వర్క్ ఉండేదని ఎవరైనా రాస్తే, అది ఎంజీబీ ఆఫీసులో పుట్టిన నెట్‌వర్క్ అన్నమాట. అందుకే ఒకవైపు కాగితం ఎప్పుడూ సరిపోదు. అమెరికా కూడా 1998లో చేసిన ఒక చట్టం కింద సీఐఏ ఫైళ్ళు చాలా బయటపెట్టింది, మికోలా లెబెద్ అనే ఉక్రెయిన్ ఉద్యమ నాయకుడి గ్రూపుతో సీఐఏ నడిపిన ఏరోడైనమిక్ అనే రహస్య ప్రాజెక్టు కాగితాలు అందులోవే. రెండూ పక్కపక్కన పెట్టుకుని తేదీలు సరిచూసుకుంటే తప్ప నేను ఒక్క వాక్యం కూడా గట్టిగా చెప్పను.

అపోహ: కేజీబీ అంటే విషం, బాంబులు, హత్యలు, అంతే.

వాస్తవం: అవీ ఉన్నాయి, తక్కువ చేసి చెప్పట్లేదు. 1938 మే 23న రోటర్‌డామ్‌లో ఓయూఎన్ నాయకుడు యెవ్‌హెన్ కొనొవాలెత్స్‌కి సోవియట్ ఏజెంటు పావెల్ సుదొప్లాతొవ్ చాక్లెట్ డబ్బా ఇచ్చాడు, లోపల బాంబు, ఆయనకి చాక్లెట్లంటే ఇష్టమని తెలుసుకుని మరీ. డబ్బాని పడుకోబెడితే టైమర్ మొదలయ్యేలా చేశారు. ఇదెలా తెలుసంటారా, సుదొప్లాతొవ్ తనే తర్వాత జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1957లో మ్యూనిక్‌లో ఓయూఎన్‌లోనే ఇంకో నాయకుడు లెవ్ రెబెత్, 1959లో అదే ఊళ్ళో స్తెపాన్ బందేరా, ఇద్దర్నీ చంపింది ఒకడే, కేజీబీ ఏజెంటు బోహ్దాన్ స్తషిన్‌స్కీ, సైనైడ్ చిమ్మే గొట్టంతో. రెబెత్‌ది గుండెపోటనే అందరూ అనుకున్నారు. బందేరా విషయంలో అయితే పశ్చిమ జర్మనీ మంత్రి ఓబర్‌లాండర్ చేయించాడని సోవియట్ వైపు నుంచి ప్రచారం కూడా లేపారు. 1961 ఆగస్టు 12న, బెర్లిన్ గోడ లేవడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, స్తషిన్‌స్కీ భార్యతో సహా పశ్చిమానికి దాటొచ్చి చెప్పకపోతే రెబెత్ కేసు గుండెపోటుగానే ఉండిపోయేది. గమనించండి, ఈ నిజం ఫైల్లోంచి రాలేదు, మనిషి నోట్లోంచి వచ్చింది.

కానీ వంద పేజీలు తిరగేస్తే హత్య ఊసు ఒక్క పేజీలో కూడా ఉండకపోవచ్చు. మిగతాదంతా ఎవరి ఉత్తరం ఎవరికి వచ్చింది, ఎవరి చెల్లెలు ల్వీవ్‌లో ఎక్కడ పనిచేస్తోంది, ఎవరికి ఎవరంటే పడదు. ఓయూఎన్ 1940లోనే బందేరా వర్గం, మెల్నిక్ వర్గం అని రెండైంది, 1950ల్లో రెబెత్ వాళ్ళు ఇంకోవైపు విడిపోయారు, ఇంత మంట ముందే ఉన్నప్పుడు బాంబెందుకు, కాస్త నెయ్యి పోస్తే చాలు. ఒకడి పేరుతో ఇంకొకడికి ఆకాశరామన్న ఉత్తరం, అంతే.

అపోహ: ఏజెంట్లంతా డబ్బుకి అమ్ముడుపోయినోళ్ళు.

వాస్తవం: స్తషిన్‌స్కీ కథే చూడండి. 1950లో టికెట్ లేకుండా రైలెక్కి దొరికాడు. స్టూడెంట్, ఊరు ల్వీవ్ పక్కనే. పోలీసులు టికెట్ గురించి మాట్లాడలా, మీ ఇంట్లోవాళ్ళు తిరుగుబాటుదార్లకి సాయం చేస్తున్నారట, మాతో ఉంటావా, అందరూ జైలుకెళ్తారా అన్నారు. అక్కణ్ణుంచి తొమ్మిదేళ్ళలో బందేరా ఇంటి మెట్ల దాకా వెళ్ళాడు. వాడు అమాయకుడని నేననట్లేదు, రెండు ప్రాణాలు తీశాడు, జర్మన్ కోర్టు 1962లో ఎనిమిదేళ్ళ శిక్ష కూడా వేసింది. అయితే అసలు దోషులు ఆర్డరు ఇచ్చినవాళ్ళని ఆ కోర్టే అంది.

అపోహ: ఈ ఫైళ్ళలో ఉన్నవాళ్ళంతా వీరులే. ఇంకోవైపు నుంచి, వీళ్ళంతా నాజీలే.

వాస్తవం: రెండూ పోస్టర్ మాటలు. బందేరాని జర్మన్లే 1941లో అరెస్టు చేశారు, 1944 దాకా వాళ్ళ చెరలోనే ఉన్నాడు, ఇది నిజం. ఆయన వర్గం నడిపిన యూపీఏ (ఉక్రెయిన్ తిరుగుబాటు సైన్యం) 1943లో పశ్చిమ ఉక్రెయిన్‌లోని వొలీన్‌లో వేలవేల మంది పోలిష్ పల్లెజనాన్ని చంపింది, ఇదీ నిజం. వీటితో ఏ సంబంధమూ లేని సోషలిస్టులు, పాస్టర్లు, టీచర్లు, కవులు కూడా అదే ఫైళ్ళలో అదే ముద్రతో ఉన్నారు, ఎందుకంటే "బూర్జువా జాతీయవాది" అన్న ఒక్క రబ్బరు స్టాంపు అందరికీ సరిపోయేది. ప్రవాసంలోని ఉక్రెయిన్ పీపుల్స్ రిపబ్లిక్ (సోవియట్లకి ముందు కొన్నాళ్ళు నడిచిన స్వతంత్ర ఉక్రెయిన్) ప్రభుత్వం అయితే దశాబ్దాల తరబడి కాగితాల మీదే నడిచి, 1992 ఆగస్టులో తన అధికార పత్రాలు తీసుకెళ్ళి కొత్త ఉక్రెయిన్ ప్రెసిడెంట్ క్రావ్‌చుక్ చేతిలో పెట్టి తప్పుకుంది. తుపాకీ సంగతి ఎక్కడా లేదు.

మన ఇండియా లీడర్ల పేర్లున్నాయా అని అడిగేవాళ్ళకి: మీరు అనుకుంటున్నది మిత్రోఖిన్ నోట్స్, కేజీబీ ఆర్కైవిస్టు దొంగచాటుగా చేత్తో ఎత్తిరాసుకుని 1992లో బ్రిటన్‌కి తెచ్చినవి, 2005లో ఇండియా భాగం బయటికొచ్చి గొడవైంది. అది వేరే సరుకు. నా టేబుల్ మీదికి రాదు.

రష్యన్ వస్తే చాలా అని కూడా అడుగుతారు. చాలదు. ఏజెంటు ఉక్రేనియన్‌లో రాస్తాడు, ఆఫీసరు దాన్ని రష్యన్‌లో కుదిస్తాడు, మధ్యలో పట్టుకున్న ఉత్తరం పోలిష్‌లో ఉంటుంది, పైన ఇంకెవరో చేతిరాతతో అడ్డంగా ఆర్డరు గీకుంటాడు. ఆ అడ్డగీకుడు చదవడానికే ఒక్కోసారి పూట పడుతుంది.

పోయిన వారం ఇలాంటిదే ఒక పేజీ వచ్చింది. పేరుకోసం వదిలిన ఖాళీ నింపడం ఆఫీసరు మర్చిపోయాడు, రిపోర్టు అలాగే పైకెళ్ళిపోయింది. మార్జిన్లో ఎర్ర పెన్సిలుతో పై ఆఫీసరు ఒకటే ముక్క రాశాడు: "ఎవరు?" కింద జవాబు లేదు, ఫైలు కుట్టేశారు.